ఉద్యోగం పోయిన మాజీ సైనికునికి బెంగళూరులో దారేది? అనుభవజ్ఞులు చెప్పగలరు

కె.ఆర్.పురం నివాసి:
అందరికీ నమస్కారం. మా బావగారు సైన్యంలోని ఈఎంఈ విభాగంలో వాహన మెకానిక్‌గా 24 ఏళ్ళు పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ పొందారు. ఇప్పుడు వయసు 45, చదువు పదవ తరగతి. వైట్‌ఫీల్డ్‌లోని ఒక ఐటీ ప్రాంగణంలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఉండేవారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ కంపెనీ కొన్ని అంతస్తులు ఖాళీ చేయడంతో ఆయన ఉద్యోగం పోయింది. పెన్షనులో కొంత భాగం కమ్యూట్ చేసి, అంటే ముందే ఒకేసారి మొత్తంగా తీసుకుని, ఊళ్ళో ఇల్లు కట్టినందువల్ల, మిగిలినదానితో ఇద్దరు పిల్లల కాలేజీ ఫీజులు, ఇంటద్దె గడవడం కష్టంగా ఉన్నది. ఇంజిను చప్పుడు విని లోపం చెప్పగల మనిషి మళ్ళీ ఏదో ఒక గేటు దగ్గరే నిలబడవలసిందేనా అన్నది మా ఇంటిల్లిపాది బాధ.

జాలహళ్ళి విశ్రాంత సార్జెంటు:
మీ బావగారికి వయసు దాటిపోలేదండి. ఈ మాట ఆయనకు ముందుగా చెప్పండి. కేంద్ర ప్రభుత్వ నియామకాల్లో మాజీ సైనికుని అసలు వయసులోంచి సైనిక సేవాకాలాన్ని తీసివేస్తారు. మిగిలినది ఆ పోస్టు గరిష్ఠ వయోపరిమితిని 3 ఏళ్ళకు మించి దాటకుంటే చాలు. 45లో 24 పోతే 21. పైగా పదవ తరగతి ఉత్తీర్ణులై కనీసం 15 ఏళ్ళు సేవ చేసినవారిని, సాంకేతిక అనుభవం తప్పనిసరి కాని గ్రూప్ సి, అంటే గుమాస్తా స్థాయి, పోస్టులకు డిగ్రీ అర్హత ఉన్నట్లుగానే పరిగణిస్తారు. గ్రూప్ సి ఉద్యోగాల్లో కేంద్ర శాఖలలో 10 శాతం, ప్రభుత్వ రంగ సంస్థలు, జాతీయ బ్యాంకులలో 14.5 శాతం మనకు రిజర్వేషను ఉన్నది.

ఇంత ఉన్నా ఆ ఖాళీలు ఎన్నో భర్తీ కాకుండా మిగిలిపోవడానికి నేను చూసినంతలో ప్రధాన కారణం రాతపరీక్ష. ఇరవై ఏళ్ళు వర్క్‌షాపులోనో సరిహద్దులోనో గడిపిన మనిషికి ఆంగ్ల వ్యాకరణం, రీజనింగ్ ఒక్కసారిగా ఎలా వస్తాయి? అందువల్ల మనవాళ్ళకు అన్నిటికంటే ముందు కావలసిన శిక్షణ పోటీ పరీక్షల కోచింగే అని నేను గట్టిగా నమ్ముతాను. జాలహళ్ళిలో మేము కొందరం ఆదివారాలు కలిసి కూర్చుని, లెక్కలు వచ్చినవారు లెక్కలు, ఇంగ్లీషు వచ్చినవారు ఇంగ్లీషు చెప్పుకున్నాము. నేను బ్యాంకులో చేరగలిగింది ఆ చదువు వల్లనే.

ఇంకొక సంగతి. రిజర్వేషనులో ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన తరువాత మళ్ళీ అదే కోటా వర్తించదు. అయితే చేరకముందే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉంటే, వాటి వివరాలను తేదీలతో సహా రాసి, చేరిన వెంటనే కార్యాలయంలో స్వీయ ధ్రువీకరణగా ఇవ్వాలి. అప్పుడు ఆ దరఖాస్తుల వరకు హక్కు నిలుస్తుంది. ఇది తెలియక మంచి ఉద్యోగం పోగొట్టుకున్నవారు ఉన్నారు.

పీణ్య హెచ్‌ఆర్ ఉద్యోగిని:
సార్జెంటు గారు చెప్పిన పరీక్షలకు సమయం పడుతుంది. ఈలోపు ఇల్లు గడవాలి కదా. మా కర్మాగారానికి వచ్చే మాజీ సైనికుల దరఖాస్తుల్లో "హవల్దారు, ఈఎంఈ, 24 సంవత్సరాలు" అని తప్ప మరేమీ ఉండదు. దాన్ని చదివే ఇరవై అయిదేళ్ళ రిక్రూటరుకు అందులో ఏమున్నదో బోధపడదు. ఏయే వాహనాలు మరమ్మతు చేశారు, డీజిల్ జనరేటర్లపై పని ఉన్నదా, ఎంతమందిని పర్యవేక్షించారు, విడిభాగాల స్టోరు లెక్కలు చూశారా అన్నది విడివిడిగా రాయించండి. ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఒకటి ఉన్నది. దానిలో ఆటోమోటివ్ రంగపు సర్టిఫికెట్ తెచ్చుకుంటే, సైన్యంలో నేర్చిన పని మాకు అర్థమయ్యే రూపంలోకి వస్తుంది.

మాంద్యంలో కొత్త యంత్రాలు కొనడం ఆగిపోతుంది, పాతవాటినే మరికొన్నాళ్ళు నడిపిస్తారు. అందువల్ల మెయింటెనెన్స్ మనుషుల అవసరం ఇతర ఉద్యోగాలంత తొందరగా తగ్గదు. ఆయన గేటు వైపు కాకుండా వాహన డిపోలు, జనరేటరు సర్వీసు సంస్థల వైపు చూడటం మంచిదని నా అభిప్రాయం.

మాజీ నాయక్, హెబ్బాళ:
గేటు ఉద్యోగమే చేయవలసి వచ్చినా హక్కులు తెలుసుకుని చేయాలి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం నియామకాల్లో మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చంటుంది. కేంద్ర నమూనా నియమాల ప్రకారం కొత్తవారికి 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉంటే, మనకు 40 గంటలు, 16 గంటలు చాలు. ఒక ఏజెన్సీ నా దగ్గర పూర్తి శిక్షణ రుసుము వసూలు చేసిన తరువాతే నాకీ సంగతి తెలిసింది. రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేటు, అంటే డీజీఆర్, స్పాన్సరు చేసిన ఏజెన్సీల్లో వేతనం మామూలు ఏజెన్సీల కంటే మెరుగు. ముందు అక్కడ ప్రయత్నించండి.

తాంబరం తెలుగువాడు:
చెన్నైలో మాకు 1986లో తమిళనాడు ప్రభుత్వం మాజీ సైనికుల కోసం స్థాపించిన టెక్స్‌కో అనే ఉపాధి సంస్థ ఉన్నది. మీ బావగారి పేరు ఇంకా ఆంధ్రలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనే ఉంటే దాన్ని బెంగళూరుకు బదిలీ చేయించుకోవడం మంచిది. పేరు ఒకచోట, మనిషి ఇంకొకచోట ఉంటే ఖాళీల సమాచారం అందదు.

అగ్నివీరుని తండ్రి:
మా అబ్బాయి 2022లో ప్రకటించిన అగ్నిపథ్ మొదటి బృందంలో చేరాడు. నాలుగేళ్ళ తరువాత 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగిలినవారికి సుమారు 11.71 లక్షల సేవా నిధి ఇస్తారు, పెన్షను ఉండదు. వాడు పదవ తరగతితో చేరాడు. ఇప్పుడేం చదివించాలి?

జాలహళ్ళి విశ్రాంత సార్జెంటు:
ఎన్ఐఓఎస్ అనే జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పన్నెండవ తరగతి, ఆపైన ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం వారు అగ్నివీరుల కోసం రూపొందించిన డిగ్రీ. అందులో సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణకే లభిస్తాయి. నిధి చేతికి రాగానే స్థలం కొనవద్దని కూడా చెప్పండి, ఉద్యోగం దొరికేదాకా ఆ డబ్బే జీతం.

కె.ఆర్.పురం నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. బావగారు సోమవారం ఫీల్డ్ మార్షల్ కరియప్ప రోడ్డులోని సైనిక సంక్షేమ కార్యాలయానికి పేరు బదిలీ విషయమై వెళుతున్నారు. చేసిన పనులన్నీ తెలుగులో రాస్తున్నారు. దాన్ని ఇంగ్లీషులో దిద్దిపెట్టగలరా, హెచ్‌ఆర్ మేడమ్ గారూ?

పీణ్య హెచ్‌ఆర్ ఉద్యోగిని:
తప్పకుండా. వాహనాల పేర్లు, మోడళ్ళు వదలకుండా రాయమనండి.