జడ్జిగా చేసి ప్రాసిక్యూటర్ అయితే పాత కేసుల సంగతేంటి?

అందరికీ నమస్కారం. లా చదువుతున్నాను. సెమినార్ కోసం అమెరికాలోని ఫానీ విల్లిస్ కెరీర్ తీసుకున్నాను. జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పక్కనున్న సౌత్ ఫుల్టన్ నగరంలో 2019లో ఆవిడ చీఫ్ మున్సిపల్ జడ్జి. ట్రాఫిక్ చలాన్లు, నగర నిబంధనల ఉల్లంఘనల్లాంటివి చూసే కోర్టది. 2020లో, ఒకప్పుడు తను ఎవరి కింద పనిచేశారో ఆ పాల్ హోవర్డ్‌నే ఎన్నికల్లో ఓడించి ఫుల్టన్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రధాన ప్రాసిక్యూటర్ అయ్యారు. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని ప్రభుత్వం నియమిస్తుంది, అక్కడ ఓటర్లే ఎన్నుకుంటారు.

నాకు అర్థం కానిది ఒకటుంది. జడ్జిగా ఉన్నప్పుడు తన ముందుకొచ్చిన మనిషే తర్వాత కౌంటీ కేసులో నిందితుడైతే, ప్రాసిక్యూటర్ ఒక్కరు తప్పుకుంటే సరిపోతుందా, ఆఫీసు మొత్తం తప్పుకోవాలా? జార్జియాలో ప్రాక్టీస్ చేసే తెలుగు లాయర్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. సెమినార్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఏ రూల్ చదవాలో చెప్పినా చాలు.