ఊరి డబ్బుతో ఊరే నడిపే మంచినీళ్ల ప్లాంటు: లెక్కలు, కమిటీ, రిపేర్లు తెలిసినవాళ్లు చెప్పండి

చెరువుకట్ట:
నల్లగొండ వైపు ఊరు, 420 గడపలు. బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) 1400, ఫ్లోరైడ్ లీటరుకు 2.6 మి.గ్రా. మహిళా సంఘాల వీవో (గ్రామ సమాఖ్య), యువజన సంఘం కలిసి ఆర్వో ప్లాంటు పెట్టాలని ఆలోచన. లాభం ఎవరూ పంచుకోరు. అలాగని ప్రతి రిపేరుకూ దాతల చుట్టూ తిరిగే పరిస్థితీ వద్దు. కెపాసిటీ ఎంత, 20 లీటర్ల క్యాన్ రేటు ఎంత, ఏ చట్టం కింద రిజిస్టర్ చేయాలి?

ఫ్లోమీటర్:
కొటేషన్లకు ముందు ఒక పని చెయ్యండి. ప్రభుత్వ మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి, అవీ బోరు నీళ్లూ రెండు వేర్వేరు సీసాల్లో ల్యాబ్‌కి పంపండి. భగీరథ వచ్చేది శుద్ధి చేసిన నది నీరు, ఫ్లోరైడ్ తక్కువగానే ఉండాలి. రోజూ నల్లా వస్తూ, రిపోర్టు బాగుంటే ప్లాంటు అక్కర్లేదు. ఆ డబ్బు ట్యాంకు కడిగించడానికి, లీకులు కట్టడానికి పెట్టుకోండి. బ్లీచింగ్ వాసన వస్తుందని నల్లా నీళ్లు వదిలేసి ఆర్వోకి పోయే ఊళ్లు చాలానే ఉన్నాయి. బిందెలో పట్టి మూత తీసి కొన్ని గంటలు ఉంచితే ఆ వాసన చాలావరకు పోతుంది.

చెరువుకట్ట:
వారంలో మూడు రోజులే వస్తున్నాయి, ఎండాకాలం అవీ రావు. మిగతా రోజులు బోరే దిక్కు.

ఫ్లోమీటర్:
అయితే ప్లాంటు వేసుకోండి, లెక్క వేసుకుని వేసుకోండి. 420 ఇళ్లూ రోజూ క్యాన్ పడతాయని ఏ సప్లయరైనా చెబుతాడు, నమ్మొద్దు. 60 శాతం అనుకోండి, అంటే రోజుకు 250 క్యాన్లు, 5,000 లీటర్లు. గంటకు 1,000 లీటర్ల ప్లాంటు ఐదు గంటలు తిరిగితే సరిపోతుంది. 2,000 లీటర్లది అంటగట్టాలని చూస్తారు. పెద్ద మోటారు, పెద్ద కరెంటు బిల్లు తప్ప ఒరిగేది లేదు.

ఖర్చు నెలకు సుమారుగా ఇలా ఉంటుంది, మీ దగ్గరి ధరలు పెట్టి సరిచూసుకోండి. ఆపరేటర్ 10,000. రా వాటర్ (శుద్ధి చేయని నీటి) పంపు, హైప్రెషర్ పంపు కలిపి రోజుకు 20 యూనిట్లు, యూనిట్ 9 రూపాయలు పడుతుందనుకుంటే 5,400. యాంటీస్కేలెంట్ (సున్నం పేరుకోకుండా కలిపే మందు) 400. కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు 500. ల్యాబ్ పరీక్షలకు నెలకు 1,000 పక్కన పెట్టాలి. మెంబ్రేన్లు (ఉప్పును, ఫ్లోరైడ్‌ను ఆపే వడపోత పొరలు) నాలుగు, ఒక్కోటి 13,000 అనుకుని 30 నెలలకు పంచితే నెలకు 1,750 దాకా. మోటార్లు, ఫిల్టర్లలోని ఇసుక, కార్బన్ (బొగ్గు) మార్పిడి నిధికి 3,000. మొత్తం 22,050.

250 క్యాన్ల మీద క్యాన్ 2 రూపాయలైతే వచ్చేది 15,000, నెలకు ఏడు వేలు బొక్క. 3 రూపాయలైతే బొటాబొటి. 5 రూపాయలైతే పదిహేను వేలు మిగులు. వానాకాలంలో 150 క్యాన్లకు పడిపోయినప్పుడు ఈ 5 రూపాయలే మిమ్మల్ని ఒడ్డున ఉంచుతాయి.

గోదారిగట్టు:
ఆంధ్రాలో 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి 20 లీటర్లు 2 రూపాయలు అన్నప్పటి నుంచి ఆ రెండు రూపాయలే ధర్మమైన రేటని జనం మనసులో పడిపోయింది. ఊళ్లో 5 అంటే వ్యాపారం అంటారు. అందుకే ఫ్లోమీటర్ గారి ఖర్చుల పట్టిక గ్రామసభలో చదివి వినిపించాలి, ఆ తర్వాతే రేటు మాట ఎత్తాలి. ఇంకో ముప్పు ఎన్నికల ముందు వస్తుంది: ఎవరో ఒకరు "నీళ్లు ఫ్రీ" అంటారు. మెంబ్రేన్ నిధికి డబ్బు రావడం ఆగుతుంది. రెండేళ్ల తర్వాత మెంబ్రేన్లు పోతాయి, షట్టర్ పడుతుంది, ఫ్రీ అన్నాయన కనబడడు. ఉచితంగా ఇవ్వాల్సిన ఇళ్లుంటే, ఒంటరి వృద్ధులు, అంగన్‌వాడీ లాంటివి, కమిటీ జాబితా రాసి కార్డు ఇవ్వాలి. ఆ క్యాన్లనూ లెక్కలో చూపాలి.

సంఘంసంతకం:
రిజిస్ట్రేషన్ సంగతి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు, పని తేలిక. లాభం పంచుకోవడానికి వీల్లేదు, మీకు కావాల్సిందీ అదే కదా. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, మనం మ్యాక్స్ అంటామే, అది ఇంకో దారి. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పది మంది కావాలి. వాటాధనం, ఏటా సర్వసభ్య సమావేశం, ఎన్నికైన బోర్డు అన్నీ చట్టంలోనే ఉంటాయి. ములుకనూరు మహిళల స్వకృషి డెయిరీ ఈ చట్టం కిందే నడుస్తోంది. నీళ్ల ప్లాంటొక్కటే అయితే సొసైటీ చాలు. రేపు ఎరువులు, పాలు, పిండిమర అని విస్తరించే ఆలోచన ఉంటే ఇప్పుడే మ్యాక్స్ చేసుకోండి, మధ్యలో మార్చడం తలనొప్పి.

వాటా ఇంటికి 1,000 పెడితే, అందరూ కడితే 4,20,000. మూడు విడతల్లో తీసుకోండి. డబ్బు లేని ఇంటి నుంచి షెడ్డు పనిలో రెండు రోజుల కూలి లెక్కగట్టి తీసుకోవచ్చు. మొత్తం దాత డబ్బుతో కట్టిన ప్లాంటుకు ఊరు కాపలా కాయదు. వరంగల్ కేంద్రంగా ఉన్న బాల వికాస కూడా తను పెట్టించిన ప్లాంట్లలో ఊరి వాటా, ఊరి కమిటీ ఉండాలనే పద్ధతి పెట్టుకుంది.

స్థలం విషయంలో గట్టిగా ఉండండి. "మా జాగా వాడుకోండి" అని నోటిమాటగా ఇచ్చినాయన కొడుకు రేపు తాళం వేస్తాడు. పంచాయతీ స్థలమైతే తీర్మానం కాపీ, ప్రైవేటు స్థలమైతే రిజిస్టరైన దానపత్రం చేతిలో పడ్డాకే పునాది తవ్వండి. కొత్త బోరు వేస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి తప్పదు. మీటరు ఏ కేటగిరీలో ఇస్తారో లైన్‌మన్‌ని అడిగి ఊరుకోకుండా కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోండి. కేటగిరీ మారితే పైన వేసిన కరెంటు లెక్క తారుమారవుతుంది.

కందిచేను:
అన్నా, జాగా పత్రాలు సరే, ఆ జాగా ఎక్కడున్నదో కూడా చూడాలె. పెద్ద కులాల బజార్ల, గుడి ముంగట పెడితే ఎస్సీ వాడోళ్లు క్యాన్ పట్టుకొని వచ్చుడు బంద్ అయితది. ఎవరూ రావొద్దని అనరు, వాళ్లే రారు. ఆ వాడకు, ఊరికి నడుమ బడి దగ్గరనో, పంచాయతీ ఆఫీసు దగ్గరనో పెట్టాలె. కమిటీల 11 మంది ఉంటే ప్రతి వాడకు ఒకరు, సగం కంటె ఎక్కువ ఆడోళ్లు. నీళ్లు మోసేది వాళ్లే కాబట్టి ఏ టైముకు తెరవాల్నో వాళ్లకే ఎరుక. కూలికి పొద్దున ఆరింటికే పోతరు, ప్లాంటు ఎనిమిదింటికి తెరిస్తె ఏం లాభం? సర్పంచ్‌ను గౌరవ సభ్యునిగ పెట్టున్రి, అధ్యక్షునిగ వద్దు. సర్పంచ్ మారిన రోజు ప్లాంటు ఆగొద్దు.

మెంబ్రేన్‌మస్తాన్:
మిషన్ గురించి. వరుస ఇది: బోరు నీటి ట్యాంకు, రా వాటర్ పంపు, ఇసుక ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, యాంటీస్కేలెంట్ డోసింగ్, 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్, హైప్రెషర్ పంపు, మెంబ్రేన్లు, క్రిములను చంపే యూవీ దీపం, స్టీలు ట్యాంకు. 1,000 లీటర్లకు 4040 సైజు (4 అంగుళాల వ్యాసం, 40 అంగుళాల పొడవు) మెంబ్రేన్లు నాలుగు.

ప్లాంట్లు చచ్చేది ఎక్కువగా యాంటీస్కేలెంట్ దగ్గరే. మీ నీటికి లీటరుకు 4 మి.గ్రా. అనుకుంటే, రోజుకు లోపలికి పోయే 10,000 లీటర్లకు (అందులో సగమే మంచినీళ్లుగా వస్తాయి) 40 గ్రాములు కావాలి. డబ్బా ఖాళీ అయినా, డోసింగ్ పంపులో గాలి పట్టినా నీళ్లు మామూలుగానే వస్తుంటాయి, ఎవరికీ తెలియదు. కొన్ని వారాల్లో సున్నం పేరుకుని ఉత్పత్తి పడిపోతుంది. డబ్బా మీద గీతలు గీసి, ఎంత తగ్గిందో రోజూ రాయించండి. మందును పది రెట్ల కంటే పలచన చెయ్యకండి, పలచన చేసింది వారం దాటి ఉంచకండి.

రోజూ ఇసుక, కార్బన్ ఫిల్టర్లకు 10-15 నిమిషాలు నీళ్లు వెనక్కి పంపి కడిగే బ్యాక్‌వాష్. కార్ట్రిడ్జ్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా పెరిగితే మార్చాలి, కడిగి మళ్లీ పెట్టొద్దు. ఉత్పత్తి 10-15 శాతం తగ్గగానే మెంబ్రేన్లు కడగాలి: 100 లీటర్ల ఆర్వో నీటిలో 2 కిలోల సిట్రిక్ యాసిడ్, అరగంటకు పైగా తిప్పి, కాసేపు నానబెట్టి, బాగా ఫ్లష్ చేసి, మొదటి నీళ్లు పారబోయాలి. సగానికి పడిపోయేదాకా ఆగితే ఏ యాసిడూ పనిచెయ్యదు.

బ్లీచింగ్ కలిపిన పంచాయతీ ట్యాంకు నీళ్లు ప్లాంటుకు ఎక్కించొద్దు. క్లోరిన్ మెంబ్రేన్‌ని తినేస్తుంది, అది కడిగితే తిరిగొచ్చే జబ్బు కాదు. తప్పనిసరైతే కార్బన్ ఫిల్టర్ తర్వాత క్లోరోస్కోప్‌తో (క్లోరిన్ పరీక్ష కిట్‌తో) చూడండి, పసుపు కనిపిస్తే ఆపండి.

ఫ్లోమీటర్:
రుచి గొడవ కూడా వస్తుంది. 1400 టీడీఎస్ నీళ్లు బయటికి 70 దాకా వస్తాయి, "సప్పగా ఉన్నాయి" అంటారు. తొమ్మిది వంతుల ఆర్వో నీటికి ఒక వంతు ఇసుక, కార్బన్ ఫిల్టర్లు దాటిన బోరు నీళ్లు కలిపితే టీడీఎస్ 200 చుట్టూ, ఫ్లోరైడ్ 0.45 లోపు ఉంటాయి. తాగునీటి ప్రమాణం బీఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5. ఈ కలపడం యూవీకి ముందే జరగాలి.

మెంబ్రేన్‌మస్తాన్:
లెక్క సరే గానీ అలా బోరు నీళ్లు కలిపే వాల్వు పెట్టొద్దంటాను. క్యూ పెరిగిన రోజు ఆపరేటర్ దాన్ని ఇంకాస్త తిప్పుతాడు, క్యాన్లు త్వరగా నిండుతాయి, ఫ్లోరైడ్ కూడా. పెట్టి తీరాలంటే సెట్ చేశాక హ్యాండిల్ పీకేసి కమిటీ దగ్గర ఉంచండి.

గోదారిగట్టు:
ఫ్లోరైడ్ ఊళ్లలో ఇంకోటి మర్చిపోతారు. తాగడానికి ఆర్వో నీళ్లు, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో. వండినప్పుడు ఆ ఫ్లోరైడ్ అన్నంలోకే చేరుతుంది. ఐదుగురి ఇంటికి 20 లీటర్లంటే మనిషికి నాలుగు, తాగడానికీ వంటకీ బొటాబొటిగా సరిపోతాయి. టీకీ చారుకీ కూడా ఇవే వాడమని ఆశా కార్యకర్త చేత చెప్పించండి. క్యాన్ల శుభ్రత ఇంకో సంగతి: ఆర్వో నీటిలో క్లోరిన్ మిగలదు, క్యాన్ లోపల పాచి ఉంటే అక్కడే క్రిములు పెరుగుతాయి. ప్లాంటు దగ్గరే ఒక బ్రష్షు, బ్లీచింగ్ కలిపిన బక్కెటు ఉంచి వారానికోసారి కడిగించాలి.

చెరువుకట్ట:
డబ్బు వసూలు కాయిన్ బాక్సా, కార్డా? వేస్ట్ నీళ్లు ఎటు పంపాలి?

సంఘంసంతకం:
ముందే డబ్బు వేసుకునే కార్డు మేలు, మీట నొక్కి ఏ వేళైనా నీళ్లు పట్టుకోవచ్చు. ఏది పెట్టినా లెక్క ఒక్కటే: అమ్మే పైపుకు మీటరు పెట్టి, రోజు రీడింగు తేడాను 20తో భాగిస్తే క్యాన్లు, దాన్ని 5తో గుణిస్తే రావాల్సిన డబ్బు. ఆ రెండంకెలూ గోడమీది బోర్డు మీద రాయాలి. ఖాతా నుంచి డబ్బు తీయడానికి రెండు సంతకాలు, అందులో ఒకటి వీవో నుంచి. మెంబ్రేన్, మోటారు నిధులకు వేరే ఖాతా, దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు.

కందిచేను:
వేస్ట్ నీళ్లు రోజుకు ఐదువేల లీటర్లు వస్తయి, ఉప్పు, ఫ్లోరైడ్ రెండింతలైతయి. బోరు పక్కన ఇంకుడు గుంత తీసి అండ్ల పోసుడు పెద్ద తప్పు, తిరిగి అదే బోరుకు చేరుతది, ఏటికేడు టీడీఎస్ పెరుగుతది. పశువులకు తాగిపియ్యొద్దు. ట్యాంకు కట్టి బడి మరుగుదొడ్లకు, బండ్లు కడుగుడుకు ఇయ్యున్రి.

మెంబ్రేన్‌మస్తాన్:
ఒకటి చేర్చండి: రా వాటర్ ట్యాంకులో ఫ్లోట్, హైప్రెషర్ పంపుకు లో ప్రెషర్ స్విచ్, అంటే నీళ్లు తగ్గితే పంపును ఆపేవి. ఏప్రిల్, మే నెలల్లో బోరు నీళ్లు తగ్గినప్పుడు పంపు ఖాళీగా తిరిగి కాలిపోతుంది. సప్లయర్ కొటేషన్‌లో ఈ రెండూ ఉన్నాయో లేదో ముందు అవే చూడండి.