ఇండియా నుంచి ఎమ్మెల్యే గారిని, ఆఫీసర్లని కన్వెన్షన్‌కి పిలుస్తున్నాం, టికెట్లు సంఘం డబ్బుతో కొనొచ్చా?

కొత్త_ట్రెజరర్:
అందరికీ నమస్తే. మాది అమెరికాలో ఒక చిన్న తెలుగు సంఘం, 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టర్ అయింది. జులై 4 వీకెండ్‌కి కన్వెన్షన్ పెడుతున్నాం, దానికి మా వైపు ఎమ్మెల్యే గారిని, ఒక ఐఏఎస్ ఆఫీసర్ గారిని, డిస్కంలో (కరెంటు పంపిణీ కంపెనీ) ఏడీఈగా, అంటే ఇంజినీరుగా చేస్తున్న ఒకాయన్ని (మా ప్రెసిడెంట్ గారి క్లాస్‌మేట్ లెండి) పిలవాలని కమిటీ డిసైడ్ చేసింది. ముగ్గురికీ బిజినెస్ క్లాస్ టికెట్లు, హోటల్, కన్వెన్షన్ అయ్యాక నయాగరా, వేగాస్ టూరు, మొత్తం సంఘం అకౌంట్ నుంచే. చెక్కుల మీద సంతకం నాది. వాళ్లకి ఇండియాలో ఏమన్నా ఇబ్బంది అవుతుందా అని మీటింగ్‌లో అడిగితే "పిలిచాక మనం పెట్టుకోకపోతే ఎవరు పెట్టుకుంటారయ్యా" అన్నారు, అక్కడితో ఆ టాపిక్ అయిపోయింది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గోంగూర_బాబాయ్:
ఏం కాదు తమ్ముడూ, అందరూ చేసేదే. వీసా వస్తే చాలు. స్టేజ్ ఎక్కించి శాలువా కప్పి మెమెంటో ఇచ్చి పంపించండి, ఇంతలా ఆలోచిస్తే ఎవరూ రారు.

సచివాలయం_రిటైర్డ్:
బాబాయ్ గారూ, వీసా ఇచ్చేది అమెరికా వాళ్లు, విదేశీ సంస్థ ఖర్చుతో రావడానికి పర్మిషన్ ఇవ్వాల్సింది ఢిల్లీలో హోంశాఖ. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనగానే ఎన్జీవోలకి వచ్చే డబ్బుల గొడవ అనుకుంటారు గానీ, 2010 చట్టంలో సెక్షన్ 6 మొత్తం ఫారిన్ హాస్పిటాలిటీ గురించే ఉంది. విదేశీ సంస్థ గానీ విదేశీ పౌరుడు గానీ విమానం ఖర్చు పెట్టినా, ఊరికే బస, భోజనం, కారు ఏర్పాటు చేసినా కేంద్రం దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. ఎవరెవరు అంటే ఎంపీలు, ఎమ్మెల్యేలు, జడ్జిలు, ప్రభుత్వోద్యోగులు, రాజకీయ పార్టీల ఆఫీస్ బేరర్లు, ప్రభుత్వ కంపెనీల ఉద్యోగులు. అంటే మీ ఏడీఈ గారు కూడా వచ్చేశారు, ఆయన పేరుకి కంపెనీ ఉద్యోగే అయినా డిస్కం ప్రభుత్వానిదే కదా. మున్సిపాలిటీ, పంచాయతీ సభ్యుల్ని కూడా ఇందులో కలిపారు కాబట్టి రేపు మీ ఊరి సర్పంచ్‌ని పిలిచినా ఇదే రూలు.

అప్లికేషన్ ఎఫ్‌సీ-2 ఫారంలో ఆన్‌లైన్‌లోనే, బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు. మీ ఆహ్వాన లేఖ దానికి జతచేయాలి, అందులో ఏ ఖర్చు మీరు పెడుతున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ఎవరి డబ్బుతో వాళ్లు వస్తే, లేదా సర్కారే పంపిస్తే ఇది అక్కర్లేదు. విదేశంలో హఠాత్తుగా జబ్బు చేసి ఎవరైనా ఆస్పత్రిలో చేర్పిస్తే ముందస్తు అనుమతి అడగరు, తర్వాత తెలియజేస్తే చాలు, అంతవరకు కాస్త మానవత్వం చూపించారు.

కొత్త_ట్రెజరర్:
చాలా థాంక్స్ సార్. ఒక డౌట్. మా ప్రెసిడెంట్ గారిది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, గ్రీన్ కార్డ్ మీద ఉన్నారు. ఆయన తన క్రెడిట్ కార్డు మీద టికెట్లు కొని తర్వాత సంఘం దగ్గర రీయింబర్స్ చేసుకుంటే ఫారిన్ అనరు కదా అంటున్నారు?

సచివాలయం_రిటైర్డ్:
ఈ ఐడియా ఎవరో ఒకరికి వస్తుందని తెలుసు నాకు 🙂 భారత పౌరుడు తన సొంత సంపాదన పెడితే అది వేరే సంగతి, సంఘం తిరిగి ఇచ్చేస్తే అది సంఘం డబ్బే, కార్డు మీద పేరు ఎవరిదైతే ఏంటి. పోనీ నిజంగానే ఆయన సొంత డబ్బు అనుకుందాం, అప్పుడైనా ఐఏఎస్ గారు బయటపడరు. 1968 నాటి ఆలిండియా సర్వీసెస్ కండక్ట్ రూల్స్‌లో 11వ రూలు చూడండి, ఉచిత ప్రయాణం, బస కూడా గిఫ్ట్ కిందే లెక్క, 5 వేల రూపాయలు దాటితే ప్రభుత్వం మంజూరు లేకుండా తీసుకోకూడదు. ఇచ్చినవాడు ఫారినా లోకలా అన్నది అక్కడ సంబంధం లేదు. మీరు ఇంటికి పిలిచి ఒక పూట పప్పన్నం పెట్టి కార్లో దింపితే దాన్ని గిఫ్ట్ అనరు, ఆ మినహాయింపు రూల్లోనే రాశారు. బిజినెస్ క్లాస్ పప్పన్నం కాదు కదండీ.

వర్జీనియా_వాసు:
అమెరికాలో ఇదే పని మన ఎంపీ లాంటి అక్కడి లోకల్ కాంగ్రెస్‌మేన్‌తో చేసి చూడండి తెలుస్తుంది. 2002లో జాక్ అబ్రమాఫ్ అనే లాబీయిస్టు (డబ్బు తీసుకుని చట్టసభ సభ్యుల దగ్గర పైరవీ చేసేవాడు) కొంతమందిని స్కాట్లండ్ గోల్ఫ్ ట్రిప్పుకి తీసుకెళ్లాడు, వాళ్లలో ఒహాయో కాంగ్రెస్‌మేన్ బాబ్ నే అనే ఆయన ఉన్నాడు, చివరికి ఆయనకి ఆ స్కామ్‌లో 30 నెలల జైలు పడింది. ఆ తర్వాత 2007లో రూల్స్ బిగించారు. లాబీయిస్టుల్ని పెట్టుకున్న సంస్థలైతే మామూలుగా ఒక్క రోజు ఈవెంట్ వరకే ఖర్చు పెట్టొచ్చు. మిగతావాళ్లు పెట్టినా సభ్యుల నడవడిక చూసే హౌస్ ఎథిక్స్ కమిటీ ముందే ఓకే చెయ్యాలి, తిరిగొచ్చిన 15 రోజుల్లో ఎవరు కట్టారు, ఎంత కట్టారు, ఏ రోజు ఏం చేశారు అన్నీ ఫైల్ చెయ్యాలి, అవి జనం ఆన్‌లైన్‌లో చూడొచ్చు. నాకైతే ఆ చివరి ముక్కే అసలు సంగతి అనిపిస్తుంది. మన ఎమ్మెల్యేలు ఎవరి ఖర్చుతో ఎక్కడ తిరిగొచ్చారో నియోజకవర్గంలో వాళ్లకి తెలిసేది ఫేస్‌బుక్ ఫొటోల్లోనే.

గోంగూర_బాబాయ్:
ఇన్ని రూల్స్ ఉంటే మరి ఇన్నేళ్లుగా ఇంతమంది ఎలా వస్తున్నారు?

సచివాలయం_రిటైర్డ్:
తీసుకునేవాళ్లు పర్మిషన్ తీసుకునే వస్తున్నారు బాబాయ్ గారూ, అదేం దొరకనిది కాదు. తీసుకోనివాళ్ల పేరు ప్రత్యర్థి పార్టీవాళ్లు అడిగినప్పుడు బయటికొస్తుంది.

కొత్త_ట్రెజరర్:
అప్‌డేట్. ఎమ్మెల్యే గారి పీఏకి ఫోన్ చేస్తే "ఫారం ఏంటండీ, పోయినసారి పిలిచినవాళ్లెవరూ అడగలేదే" అన్నాడు. ఐఏఎస్ గారు మాత్రం వెంటనే తన టికెట్ తనే కొనుక్కుంటా, హోటల్ బిల్లు కూడా కట్టుకుంటా అన్నారు, లీవ్ పెట్టుకుని వస్తారంట. ఏడీఈ గారు డిపార్ట్‌మెంట్‌లో అడిగి చెప్తా అన్నారు. ఆహ్వాన లేఖ డ్రాఫ్ట్ నేనే రాస్తున్నా, ప్రెసిడెంట్ గారేమో వేగాస్ అందులో రాయొద్దు అంటున్నారు.

సచివాలయం_రిటైర్డ్:
ఎమ్మెల్యే గారి పర్మిషన్ కాపీ మీ మెయిల్‌కి వచ్చాకే టికెట్ ఇష్యూ చేయించండి, అప్పటిదాకా ట్రావెల్ ఏజెంట్‌ని హోల్డ్‌లో పెట్టమనండి. లేఖలో వేగాస్ రాయనంటే వేగాస్ చెక్కు మీద మీరు సంతకం పెట్టకండి.