వడగళ్ళకి రూఫ్ క్లెయిమ్: వేయాలా వద్దా? డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి కట్టాల్సిన వాటా) మాఫీ అంటే ఒప్పుకోవాలా?

ఫ్రిస్కో_గోదారోడు

అందరికీ నమస్కారం. పోయిన గురువారం రాత్రి మా వైపు (టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కో) వడగళ్ళు పడ్డాయి. పావుగంట కూడా పడలేదు గానీ పెరట్లో నేను ఏరిన వాటిలో పెద్దది నిమ్మకాయంత ఉంది. శనివారం పొద్దున్న కాఫీ తాగేలోపు ముగ్గురు రూఫర్లు (కప్పులు వేసే కాంట్రాక్టర్లు) తలుపు కొట్టారు. మూడోవాడు నిచ్చెన వేసుకుని ఎక్కి, సుద్దముక్కతో గుండ్రాలు గీసి, ఫొటోలు చూపించి, "మొత్తం పోయింది, ఇన్సూరెన్స్ వాళ్ళే కొత్తది వేయిస్తారు, డిడక్టిబుల్ సంగతి మేం చూసుకుంటాం, మీ జేబులోంచి ఒక్క డాలర్ పోదు" అన్నాడు. నేను ఇంకా ఏమీ అనకముందే లాన్‌లో వాళ్ళ కంపెనీ బోర్డు పాతేసి వెళ్ళాడు.

రూఫ్‌కి 12 ఏళ్ళు. మామూలు ఆస్ఫాల్ట్ షింగిల్స్ (తారు పూసిన కప్పు పలకలు). ఇంట్లో ఎక్కడా చుక్క కారడం లేదు. మా వీధిలో ఇప్పటికే నాలుగిళ్ళ ముందు బోర్డులున్నాయి. మా ఆవిడేమో "అందరూ మార్పించుకుంటుంటే మనమొక్కళ్ళం ఎందుకు ఊరుకోవాలి" అంటోంది. నాకు మాత్రం కారని కప్పుకి డబ్బు అడగడం అదోలా ఉంది. పైగా క్లెయిమ్ వేస్తే రేపు ప్రీమియం పెంచుతారనో, రెన్యువల్ ఆపేస్తారనో టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

వరంగల్_టు_ప్లేనో

ఏముంది అన్నా ఆలోచించనీకి, వేసేయ్. ఏటా వేలకు వేలు ప్రీమియం కడుతున్నది ఎందుకు, దండ వేసి దండం పెట్టనీకా? నేను ఇక్కడికొచ్చిన పదిహేనేళ్ళలో రెండుసార్లు మార్పించిన. ఈ రాళ్ళవాన మన చేతిలో ఉన్నదా? కారట్లేదు అంటున్నవ్. ఇప్పుడు దెబ్బ తిన్న షింగిల్ కారనీకి రెండు మూడేళ్ళు పడుతది. అప్పుడు పోయి అడిగితే "ఇది పాతబడిపోయి అరిగింది, వడగండ్ల వల్ల కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తరు.

ఇగ డిడక్టిబుల్ అంటవా, డాలస్‌లో ఎవరు కట్టిన్రు అన్నా డిడక్టిబుల్? అందరు రూఫర్లు అడ్జస్ట్ చేస్తరు.

లెక్కల_మాస్టారు

నేను కట్టాను. చెక్కు రాసి ఇచ్చాను. కాబట్టి "ఎవరు కట్టారు" అనే ప్రశ్నకి ఒక జవాబు దొరికింది.

అసలు ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చినట్టుంది మా పరిస్థితి. నేను తొమ్మిదేళ్ళుగా ఒక్క క్లెయిమ్ వేయలేదు. అయినా ఏటా రెన్యువల్ కాగితం విప్పాలంటే భయం. ఇల్లు కొన్నప్పుడు వడగళ్ళ డిడక్టిబుల్ ఒక శాతం, ఇప్పుడు రెండు శాతం. వీధిలో పది రూఫులు "ఫ్రీగా" మారితే ఆ ఖర్చు పదకొండో ఇంటివాడి ప్రీమియంలోకే వస్తుంది. ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతామన్న మన జోకు నిజమని ఈ వడగళ్ళ సీజన్‌లోనే తెలుస్తుంది.

నిచ్చెన_మనిషి

ఆరేళ్ళు టెక్సస్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున అడ్జస్టర్‌గా కప్పులెక్కి నష్టాలు లెక్కగట్టాను. ఇప్పుడు వేరే ఉద్యోగం, కాబట్టి ఎవరి వైపూ కాదు. గోదారి గారూ, మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు.

మొదటిది, కారుతోందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. వడగళ్ళ వల్ల కప్పుకి దెబ్బ తగిలిందా అన్నదే పాలసీ చూస్తుంది. గట్టిగా తగిలిన చోట షింగిల్ మీది రేణువులు రాలిపోయి, కింద ఫైబర్‌గ్లాస్ చాప చిట్లుతుంది. వేలితో నొక్కితే కింద పడిన మామిడిపండు మీద దెబ్బలా మెత్తగా తెలుస్తుంది. ఎండకి పొక్కులు లేచి ఊడిన చోట్లు, చెప్పుల రాపిడి, వయసు మీద పడ్డ అరుగుదల కూడా ఫొటోలో దాదాపు అలాగే కనిపిస్తాయి. సుద్ద గుండ్రం దేని చుట్టూ అయినా గీయొచ్చు కదా. అందుకే మేం ముందు షింగిల్స్ చూడం, మెత్తటి లోహాలు చూస్తాం: గట్టర్లు, వెంట్ల మూతలు, ఏసీ బయటి యూనిట్ రేకులు. వాటి మీద ఒక్క సొట్టా లేకుండా షింగిల్స్ మీద మాత్రం నలభై దెబ్బలుంటే అనుమానం వస్తుంది. తర్వాత ఒక్కో వాలు మీద పదడుగులకి పదడుగుల చదరం గీసి దెబ్బలు లెక్కపెడతాం. ఎన్నుంటే ఆ వాలు మార్చాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు.

క్లెయిమ్ వేసే ముందు మీ పాలసీ మొదటి పేజీలు తీయండి. వడగళ్ళకీ గాలికీ డిడక్టిబుల్ విడిగా ఉంటుంది, మామూలుగా ఇంటి కవరేజీలో (ఇంటికి చేయించిన బీమా మొత్తంలో) ఒకటో రెండో శాతం. క్లెయిమ్ మొత్తంలో శాతం కాదు, ఇంటి కవరేజీలో శాతం. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఉదాహరణకి ఇంటి కవరేజీ 5,20,000 డాలర్లు, డిడక్టిబుల్ 2 శాతం అనుకుందాం. అంటే 10,400 మీది. కొత్త కప్పు 21,000 అయితే, 12 ఏళ్ళ కప్పుకి 30 ఏళ్ళ ఆయుష్షు లెక్కన 40 శాతం, అంటే 8,400 తరుగుదల (పాతబడినందుకు కోత) తీస్తారు. మిగిలిన 12,600లోంచి డిడక్టిబుల్ పోతే మొదటి చెక్కు 2,200. పని పూర్తయి బిల్లు పంపాక మిగతా 8,400 వస్తుంది, అదీ మీ పాలసీ కొత్తదాని ఖర్చు ఇచ్చేదైతేనే. కప్పుకి తరుగుదల పోగా మాత్రమే ఇచ్చే పాలసీ అయితే ఆ 2,200తో సరి. ప్రీమియం తగ్గించుకోవడానికి రెన్యువల్‌లో ఎప్పుడో ఆ మార్పుకి ఒప్పుకుని మర్చిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

రెన్యువల్ భయం సంగతి. మూడేళ్ళలో మూడు క్లెయిములు వేస్తే రెన్యువల్ ఆపే వీలు టెక్సస్ చట్టం కంపెనీకి ఇచ్చింది. కానీ ప్రకృతి వల్ల జరిగిన నష్టాలూ, డబ్బు చెల్లించని క్లెయిములూ ఆ మూడింటి లెక్కలోకి రావు. అలాగని పూర్తిగా నిశ్చింతా కాదు. క్లెయిముల చరిత్ర ఏడేళ్ళ దాకా ఇన్సూరెన్స్ కంపెనీలు చూసుకునే రిపోర్టులో ఉంటుంది, రేపు వేరే కంపెనీకి మారాలంటే వాళ్ళు చూస్తారు.

రెండో ప్రశ్న డిడక్టిబుల్ మాఫీ. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో అది నేరం. డిడక్టిబుల్ కట్టకుండా చూస్తానని ఆశపెట్టే కాంట్రాక్టర్‌కి 2,000 డాలర్ల దాకా జరిమానా, 180 రోజుల దాకా జైలు పడొచ్చు. మిగిలిన తరుగుదల డబ్బు ఇచ్చే ముందు, మీరు డిడక్టిబుల్ కట్టిన రుజువు చూపమని కంపెనీ అడగొచ్చు. బ్యాంకులో మారిన చెక్కో, కార్డు స్టేట్‌మెంటో చూపించాలి. ఇన్సూరెన్స్ డబ్బుతో చేసే 1,000 డాలర్లు దాటిన కాంట్రాక్ట్‌లో ఈ సంగతి బొద్దు అక్షరాల్లో అచ్చువేయాలి. అంటే మీరు సంతకం పెట్టే కాగితం మీదే రాసి ఉంటుంది. తర్వాత "నాకు తెలియదు" అనడానికి లేదు.

వరంగల్_టు_ప్లేనో

నిచ్చెన అన్నా, చట్టం మంచిగనే ఉన్నది. కానీ ఎవరిని జైల్లో పెట్టిన్రో చెప్పు. కంపెనీలు మాత్రం డిడక్టిబుల్ 2 శాతం చేసుడు, కప్పుని తరుగుదల పాలసీలోకి జరుపుడు, అన్నీ చట్టం ప్రకారమే చేస్తయి. మధ్యతరగతోడు ఒక్కసారి తెలివి చూపిస్తే నేరమా?

నిచ్చెన_మనిషి

కోపం న్యాయమైనదే. కానీ ఆ తెలివి రూఫర్‌ది, మీది కాదు. పై లెక్కే తీసుకోండి. 21,000 పనికి కంపెనీ మొత్తం ఇచ్చేది 10,600. మీరు పైసా ఇవ్వకపోతే రూఫర్ ఆ 10,600తోనే పని చేసి లాభం కూడా మిగుల్చుకోవాలి. ఎక్కడ మిగులుతుంది? పాత ఫ్లాషింగ్ (అతుకుల దగ్గర నీళ్ళు దిగకుండా వేసే రేకులు) అలాగే వదిలేస్తాడు, కుళ్ళిన చెక్క మీదే కొత్త షింగిల్ కొడతాడు. లేదా చేయని పనులు బిల్లులో రాసి కంపెనీకి పంపుతాడు, ఆ అబద్ధం మీ పేరున ఉన్న క్లెయిమ్‌లో ఉంటుంది. టెక్సస్‌లో రూఫర్లకి రాష్ట్ర లైసెన్సు అనేదే లేదన్నది కూడా గుర్తుంచుకోండి. ట్రక్కూ నిచ్చెనా ఉంటే ఎవరైనా రూఫరే.

కాటీ_వదిన

హ్యూస్టన్ వైపు నుంచి. 2024 జులైలో బెరిల్ తుఫానుకి మా కప్పు ఒక వైపు లేచిపోయింది. క్లెయిమ్ ఒప్పుకున్నారు, అక్కడ గొడవ లేదు. గొడవంతా చెక్కు దగ్గరే. చెక్కు మీద మా ఇద్దరి పేర్లతోపాటు లోన్ ఇచ్చిన కంపెనీ పేరు కూడా ఉంది! వాళ్ళ సంతకం కోసం పంపితే, మొత్తం ఒకేసారి ఇవ్వరట, పని సగం అయ్యాక ఒక మనిషి వచ్చి చూసి మిగతాది వదులుతారట. రూఫరేమో ముందు డబ్బు ఇస్తేనే సరుకు తెస్తానన్నాడు. మూడు వారాలు నీలం టార్పాలిన్ కింద కాపురం చేశాం. మా అత్తగారు 2014లో హుద్‌హుద్‌కి విశాఖలోనే ఉన్నారు. "శ్లాబ్ ఇల్లు కాబట్టి కిటికీలు పోయినా కప్పు నిలబడింది, ఇక్కడ లక్షల డాలర్లు పోసి అట్టముక్కల కింద పడుకుంటారా" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. జవాబు లేదు నా దగ్గర.

గోదారి గారూ, క్లెయిమ్ వేసే ముందే మీ లోన్ కంపెనీకి ఫోన్ చేసి ఈ చెక్కుల పద్ధతి కనుక్కోండి.

టాంపా_బాబాయ్

మీ టెక్సస్ వాళ్ళు ఇంకా నయం. మా ఫ్లోరిడాలో ఈ ఫ్రీ రూఫుల వ్యవహారం ముదిరి, కోర్టు కేసులు పెరిగి, కొన్ని కంపెనీలు దివాలా తీశాయి. క్లెయిమ్ హక్కుల్నే కాంట్రాక్టర్‌కి రాసిచ్చే పద్ధతిని చివరికి 2022 డిసెంబర్‌లో చట్టం చేసి ఆపారు. కప్పు వయసు చూసి పాలసీ ఇవ్వమనడం ఎక్కువైతే, 15 ఏళ్ళ లోపు కప్పుని వయసొక్కటే చూపి కాదనకూడదని ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. వరంగల్ బాబూ, నువ్వన్న తెలివి అందరూ చూపిస్తే ఊరు ఎలా ఉంటుందో ఇటొచ్చి చూడు.

వైలీ_2016

2016 ఏప్రిల్‌లో వైలీలో సాఫ్ట్‌బాల్ సైజు వడగళ్ళు పడ్డప్పుడు మేం అక్కడే ఉన్నాం. మా కప్పుకి చిల్లులు పడి పడకగదిలోకి ఆకాశం కనపడింది. ఆ రోజు నుంచి "క్లెయిమ్ వేయడం అత్యాశ" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. లెక్కల మాస్టారూ, దెబ్బ తగిలినవాడు అడగడం తప్పు కాదు. తగలనివాడు తగిలిందనడం తప్పు. రెంటినీ ఒక గాటన కట్టకండి.

ఇంకో ముక్క. మార్పిస్తే క్లాస్ 4 షింగిల్స్ (దెబ్బ బాగా తట్టుకునే రకం) వేయించండి. పరీక్షలో రెండంగుళాల ఉక్కు గుండుని ఇరవై అడుగుల ఎత్తు నుంచి ఒకే చోట రెండుసార్లు వేసినా చిట్లకూడదు. ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. కాకపోతే ఆ తగ్గింపుతోపాటు "చూపుకి మాత్రమే దెబ్బ తగిలితే ఇవ్వం" అనే షరతు తగిలిస్తారేమో అడగండి. మాకు తగిలించారు.

లెక్కల_మాస్టారు

వైలీ గారూ, ఒప్పుకుంటున్నాను. నా కోపం చిల్లు పడ్డవాళ్ళ మీద కాదు, సుద్దముక్క మీద. అయినా రెన్యువల్ కాగితం మాత్రం ఆ తేడా చూపించదు, నా బాధ అదీ.

ఫ్రిస్కో_గోదారోడు

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. పాలసీ తీసి చూశాను. కప్పుకి కొత్తదాని ఖర్చే ఇస్తారు, హమ్మయ్య. డిడక్టిబుల్ 2 శాతం, నిచ్చెన గారు వేసిన లెక్కకి మాది కాస్త తక్కువ, 9,800. మా ఊళ్ళోనే చాలా ఏళ్ళుగా పని చేస్తున్న ఇంకో రూఫర్‌ని పిలిచి, డబ్బిచ్చి చూపించుకున్నాను. ఉత్తరం వాలు మీద నిజంగా దెబ్బలున్నాయి, పడమర మీద కొన్ని, మిగతావి ఎండ పొక్కులు అన్నాడు. గట్టర్ల మీద సొట్టలు నేనే చూశాను. క్లెయిమ్ వేశాను.

అడ్జస్టర్ వచ్చి రెండు గంటలుండి, ఉత్తరం వాలూ గట్టర్లూ మాత్రం ఒప్పుకున్నాడు. మొత్తం 7,300. డిడక్టిబుల్ కంటే తక్కువ, కాబట్టి చెక్కు సున్నా. ఉత్తరం వాలు సంగతి సరే. పడమర వాలు ఎందుకు వదిలేశాడో రిపోర్టులో లేదు.

నిచ్చెన_మనిషి

మళ్ళీ తనిఖీ చేయమని రాతపూర్వకంగా అడగండి, పడమర వాలు దగ్గరి ఫొటోలు జతచేసి. ఆ రోజు మీ రూఫర్ కప్పు మీద ఉండి దెబ్బలు చూపించొచ్చు. మీ తరఫున బేరం మాత్రం ఆడకూడదు, దానికి పబ్లిక్ అడ్జస్టర్ (ఇంటివాళ్ళ తరఫున క్లెయిమ్ మాట్లాడే మనిషి) లైసెన్సు కావాలి, పైగా పని చేసేవాడే ఆ పాత్ర పోషించకూడదు. అప్పటికీ తేలకపోతే పాలసీలో అప్రైజల్ అని ఉందేమో చూడండి. చెరొక మనిషిని పెట్టుకుంటారు, ఆ ఇద్దరూ కలిసి మూడో మనిషిని ఎంచుకుంటారు. ఖర్చు మీకూ ఉంటుంది కాబట్టి రెండు మూడు వేల తేడాకి అటు పోకండి.

వరంగల్_టు_ప్లేనో

చూసినవా అన్నా, నిజాయితీగా పోతే సున్నా. ఆ మూడోడు చెప్పినట్టు చేసి ఉంటే ఈపాటికి కొత్త రూఫ్ కింద ఉంటుంటివి.

ఫ్రిస్కో_గోదారోడు

అదీ అడిగాను తమ్ముడూ, దాచేదేముంది. సున్నా అని తెలిసిన రోజు రాత్రి మా ఆవిడ పోరు పడలేక ఆ మూడోవాడికే ఫోన్ చేశాను. సున్నా అనగానే మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. అప్పటినుంచి ఎత్తడం లేదు. రెండో తనిఖీ వచ్చే మంగళవారం. వాడి బోర్డు మాత్రం ఇంకా మా లాన్‌లోనే ఉంది.

వరంగల్_టు_ప్లేనో

మంగళవారం అడ్జస్టర్ వచ్చేలోపు ఆ బోర్డు పీకేయ్ అన్నా.