లె మోర్న్ 'వన్ ఐ'లో వేగం ఆగడం లేదు: మార్చాల్సింది బోర్డా, కైటా?

మొరీషస్_గోదారి

పెద్ద అలల్లో కైట్ (గాలిపటం లాగుతుంటే బోర్డు మీద అలల స్వారీ) చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. నా బరువు 74 కిలోలు. బోర్డు 5 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు 19 అంగుళాలు, మొండి ముక్కు, వెడల్పాటి తోక, తోక కింద నాలుగు ఫిన్లు (రెక్కలు), కాళ్లకు స్ట్రాప్‌లు లేవు. కైట్ 9 మీటర్లు, లైన్లు 24 మీటర్లు.

మొరీషస్‌లో ఇక్కడి లె మోర్న్ తీరంలోనే ఉన్న మనావాలో తలెత్తు అల మీద ఇదే సెటప్ హాయిగా తిరుగుతుంది. అదే తీరంలో వన్ ఐ అనే చోట అల రెండు తలల ఎత్తు దాటిందంటే పరిస్థితి మారిపోతోంది. దిగేటప్పుడు బోర్డు దడదడలాడుతుంది. కింద బాటమ్ టర్న్ (అల అడుగున మళ్లీ పైకి తిరిగే మలుపు) తీయబోతే తోక జారుతుంది. జారకపోతే అలను దాటేసి ముందున్న చదును నీళ్లలోకి వెళ్లిపోతున్నాను, వెనక నురుగు తరుముకొస్తుంది. అక్కడ రీఫ్ (పగడపు దిబ్బ) మీద నీళ్లు ఎంత తక్కువో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

గాలి 20–24 నాట్లు. ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే ఎడమ నుంచి వస్తుంది, కాస్త ఒడ్డు నుంచి బయటికి తోస్తుంది. అల ఎడమకు విరుగుతుంది కాబట్టి గాలి పోయే వైపే మనమూ పోతాం.

నా ఉద్దేశంలో ఇది బోర్డు సమస్య. 5 అడుగుల 11 అంగుళాలు, 17.5 వెడల్పు, గుండ్రంగా సన్నబడే తోక ఉన్నది కొందామనుకుంటున్నా. బీచ్‌లో అడిగితే సగం మంది బోర్డు అంటున్నారు, సగం మంది కైట్ అంటున్నారు. ఉగాదికి ఇక్కడ ప్రభుత్వ సెలవు, అప్పటి నుంచే మేలో పుంజుకునే ఆగ్నేయ పవనాల కోసం ఎదురుచూశాను. సీజన్ సగంలో డబ్బు తగలేసి తప్పు బోర్డు కొనడం ఇష్టం లేదు.

కేప్‌గాలి

బోర్డు కొనకండి. ముందు 7 మీటర్ల కైట్ ఎవరినైనా అడిగి తీసుకుని వెళ్లండి.

ఎందుకో చెప్తాను. 4 మీటర్ల అల సుమారు 5 మీటర్ల లోతు వచ్చేసరికి విరుగుతుంది. అంత లోతులో అల గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. దాని మీద ఏటవాలుగా పోయే మనిషి అంతకంటే వేగంగా పోతాడు. మీ 22 నాట్ల గాలి అంటే గంటకు 40 కిలోమీటర్లు. అల పక్కగా గాలి వాటున పోతున్నప్పుడు ఈ 40లో చాలా భాగం మీ వేగమే మింగేస్తుంది, కైట్‌కు తగిలేది కొసరు గాలి. లైన్లు వదులవుతాయి, కైట్ తేలుతూ మీతోపాటు జరుగుతుంది. ఇక్కడ కైట్ లాగడం లేదు, అలే మోస్తోంది.

దిగేటప్పుడు మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. ఒడ్డు వైపు దిగుతున్నారు, గాలిలో కొంత భాగం ఒడ్డు నుంచే ఎదురొస్తోంది. అంటే మీ వేగం పెరిగేకొద్దీ కైట్‌కు తగిలే గాలీ పెరుగుతుంది. లాగుడు గాలి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 20 నాట్లు 25 అయ్యాయంటే లాగుడు సగానికి పైగా పెరిగినట్టే. సరిగ్గా అల మిమ్మల్ని కిందికి తోస్తున్న క్షణంలో కైట్ కూడా లాగుతుంది. 9 నుంచి 7కు దిగితే అక్కడే ఐదో వంతుకు పైగా తగ్గుతుంది.

ఇంకో సంగతి. లైన్లు 24 నుంచి 20 మీటర్లకు తగ్గించి చూడండి. కైట్ కదిలే జాగా చిన్నదవుతుంది, వేగం పుంజుకుని గుంజే అవకాశం తగ్గుతుంది. ఇక్కడ దక్షిణాఫ్రికాలో కేప్ పాయింట్ దగ్గర ప్లాట్‌బూమ్‌లో ఆగ్నేయ గాలి 30 నాట్లు దాటడం మామూలే. మనకు తెలిసిన కైట్ కంటే ఒక సైజు తక్కువ వేసుకుని వెళ్లేవాళ్లే అక్కడ అల మీద మలుపులు తిప్పుతారు. మిగతావాళ్లు అల మీద తుర్రున ఒక గీత గీసి బయటికొచ్చేస్తారు.

సన్నతోక

కేప్‌గాలి గారి లెక్క బాగుంది, ముగింపు దగ్గరే నాకు తేడా ఉంది. ఆ లెక్క ప్రకారమే టర్న్ దగ్గర కైట్ లాగడం లేదు కదా. మరి అక్కడ తోక ఎందుకు జారుతోంది?

19 అంగుళాల బోర్డుకు వెడల్పాటి తోక ఉంటే చిన్న అలలో అది వరం, నెమ్మదైన నీటిలోనూ పైకి తేలుతుంది. వేగం పెరిగాక అదే శాపం. నీటి ఒత్తిడికి తోక లేచిపోతుంది, రైల్ (బోర్డు పక్క అంచు) నీటిలో దిగదు, వెనక కాలితో ఎంత తొక్కినా బ్రేక్ పడదు. సన్నటి తోకైతే తొక్కితే మునుగుతుంది. ఆ మునగడమే మన బ్రేక్. దానికి తోడు ఇలాంటి మొండి బోర్డుల్లో చాలావాటికి రాకర్ తక్కువ, అంటే అడుగు చదునుగా ఉంటుంది. చదును బోర్డు వేగంగా పోతుంది, నిటారు అల వంపులో ఇమడదు. రాకర్ ఉన్నది కాస్త నెమ్మదిగా పోతుంది, వంపులో కూర్చుంటుంది.

90ల్లో హవాయిలోని జాస్‌లో సర్ఫర్ లెయిర్డ్ హామిల్టన్ బృందం నీటి మీద నడిచే మోటార్ బండితో లాగించుకుని అలలు ఎక్కడం మొదలుపెట్టాక బోర్డులు ఎలా మారాయో చూడండి. చేతులతో ఈది అల పట్టుకోవాలంటే 10 అడుగుల బోర్డు కావాలి. బండి లాగుతుంటే ఆ పొడవు దండగ. కురచ చేశారు, సన్నం చేశారు, కాళ్లకు స్ట్రాప్‌లు పెట్టారు, గతుకుల మీద ఎగరకుండా బరువు కలిపారు. కైట్ చేసేదీ అదే పని, అందుకే గోదారి గారికి 5 అడుగుల 11 కూడా అక్కర్లేదనుకుంటా. 5 అడుగుల 8 చాలు. వెడల్పు 17.5 సరైనదే. కొనేటప్పుడు పొడవు కాదు, తోక చివరి అడుగు ఎంత సన్నమో టేపు పెట్టి చూడండి.

కేప్‌గాలి

జాస్‌తో పోలిక సగమే నిలబడుతుంది. బండితో లాగించుకునేవాడు తాడు వదిలేస్తాడు. మనం వదల్లేం, నడుముకు కట్టుకుని దిగుతాం. 2017 నవంబరులో పోర్చుగల్‌లోని నజారేలో నూనో ఫిగెయిరెడో కైట్‌తో 19 మీటర్ల అల దిగాడు, గిన్నిస్‌లో నమోదైన రికార్డు అది. అంత పెద్ద అలలోకి కైట్ తీసుకెళ్లగలదు, సందేహం లేదు. ఎక్కించాక దాని నోరు మూయించడమే మన పని.

కైట్ ముందుకు మాత్రమే లాగదు, పైకి కూడా ఎత్తుతుంది. నడినెత్తి మీద కైట్, బార్ (చేత్తో పట్టుకునే కర్ర) పొట్ట దగ్గర ఉంటే మీ 74 కిలోల్లో కొంత గాలిలోనే ఉన్నట్టు. బోర్డు మీద బరువు లేకపోతే రైల్ ఎలా దిగుతుంది? సన్నతోక ఉన్నా దిగదు. గోదారి గారూ, బోర్డు దడదడలాడినప్పుడు కైట్ ఎక్కడుంది?

రామేశ్వరం_నీళ్లు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి అన్నా. నేను రామేశ్వరంలో చదును నీటిలో నేర్చుకుంటున్నా, ట్విన్ టిప్ (రెండు కొసలూ ఒకేలా ఉండే బోర్డు) మీద. పెద్ద అలకు ట్విన్ టిప్ గానీ ఫాయిల్ (నీటిలోపలి రెక్కతో పైకి లేచే బోర్డు) గానీ పనికిరావా?

సన్నతోక

తమ్ముడూ, ట్విన్ టిప్ నిలబడేదే కైట్ లాగుడు మీద. లైన్లు వదులైతే మునుగుతుంది. అంటే కైట్ నోరు మూయించే వీలే ఉండదు. ఫాయిల్‌కు వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగు రెట్లు. విరిగే అల మీద, పైగా రీఫ్ మీద, దాని జోలికి పోకు. పొంగి విరగని అలల మీద మాత్రం ఫాయిల్ అద్భుతం.

మొరీషస్_గోదారి

పడవలోంచి స్నేహితుడు తీసిన వీడియో ఉంది, ఈ ప్రశ్న తర్వాత ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాను. మీ ఇద్దరికీ అందులో సాక్ష్యం ఉంది.

దిగేటప్పుడు కైట్ నడినెత్తికి కాస్త ఒడ్డు వైపు ఉంది, చాలా ఎత్తులో. లైన్లు బిగుసుకుని ఉన్నాయి. బోర్డు ముక్కు వైపు సగం నీళ్లలోంచి లేచి టపటపా కొడుతోంది. నా ముందు మోకాలు దాదాపు నిటారుగా ఉంది. ఇది కేప్‌గాలి గారు చెప్పిందే.

తర్వాత టర్న్. ఇక్కడ లైన్లు వదులుగా ఊగుతున్నాయి, కైట్ వెనక అంచు రెపరెపలాడుతోంది. లాగుడు సున్నా. అయినా తోక అడుగున్నర మేర పక్కకు జారింది, ఫిన్ల వెనక తెల్లటి నురుగు తేలింది. దీనికి కైట్‌ను తప్పుపట్టడానికి నాకు ఆధారం కనపడలేదు.

లంగరు

నేను లె మోర్న్‌లో చాలా సీజన్లు చూశాను. 7 మీటర్ల కైట్ సలహా ఇచ్చినవాళ్లు తిరిగొచ్చే సంగతి ఎత్తలేదు, అది నాకు నచ్చలేదు.

వన్ ఐ దగ్గర ప్రవాహం సముద్రం వైపుకే తీసుకెళ్తుంది. గాలి కూడా ఒడ్డు నుంచి బయటికే. పైగా ఆ కొండ ఉంది: గాలి కాస్త దిశ మారిందంటే లె మోర్న్ కొండ నీడలో గుంతలు పడతాయి. 22 నాట్లున్నది ఉన్నట్టుండి 13 అవుతుంది. 74 కిలోల మనిషికి అప్పుడు 7 మీటర్లతో ఎదురుగాలికి ఎక్కడం గండమే. కైట్ నీళ్లలో పడిందా, మళ్లీ లేవదు.

సన్నటి బోర్డుకూ ఇదే చిక్కు. 19 అంగుళాల బోర్డు తక్కువ గాలిలో కూడా ఎదురెక్కుతుంది. 17.5 ఎక్కదు, లేదా కష్టంగా ఎక్కుతుంది. మీరిద్దరూ చెప్పింది కలిపి ఒకే రోజు చేస్తే, చిన్న కైట్‌తో సన్నటి బోర్డుతో అతను రీఫ్ అవతల తేలుతుంటాడు. ఆ తర్వాత పడవే దిక్కు. 8 మీటర్ల దగ్గర ఆగండి. అక్కడ ఒంటరిగా వెళ్లొద్దు. క్విక్ రిలీజ్ (కైట్‌ను ఒక్కసారిగా విడిపించే పట్టు) కళ్లు మూసుకుని లాగగలిగేదాకా మనావాలోనే ఉండండి.

కేప్‌గాలి

లంగరు గారి మాట ఒప్పుకుంటున్నా, ఆ రీఫ్ ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. 8 తీసుకోండి. కైట్ ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాత్రం నా మాట మారదు. అల ఎక్కగానే బార్ ముందుకు వదిలేయండి, కైట్‌ను ఒడ్డు వైపు 45 డిగ్రీలకు దించి అక్కడే నిలపండి. కింద టర్న్ మొదలుపెట్టేటప్పుడే మీరు పోయే వైపుకు నెమ్మదిగా మళ్లించండి. ఆ సమయంలో కైట్‌ను లూప్ చేసేవాళ్లను (గుండ్రంగా తిప్పేవాళ్లను) చూసి నేర్చుకోకండి. ఒడ్డు వైపుకు వీచే గాలిలో, చిన్న అలలో లైన్లు బిగుతుగా ఉంచడానికి అది పనికొస్తుంది. వన్ ఐలో అది మీ వేగానికి ఇంకో వేగం కలుపుతుంది.

సన్నతోక

అడుగున్నర జారిన తోకను కైట్ స్థానం బాగుచేయదు, వీడియోలో ఆయనే చూశానంటున్నారు. నేను పెర్త్‌లో ఉంటాను. ఇక్కడ మధ్యాహ్నం గాలి దక్షిణం నుంచి వీస్తుంది, అల మీద గతుకులు ఎక్కువ. వెడల్పాటి బోర్డుతో కైట్ పూర్తిగా చల్లబడ్డాక కూడా అలాగే జారినవాళ్లను చాలామందిని చూశా.

ఒక మాట ఇద్దరం వదిలేశాం. వేగం ఎక్కడ పుడుతుందో అక్కడే ఆపడం తేలిక. నేరుగా కిందికి దిగితే 4 మీటర్ల ఎత్తు మొత్తం వేగంగా మారుతుంది. ఏటవాలుగా దిగి, అల నడిమి ఎత్తులోనే ఉండిపోతే అందులో సగమే. అక్కడ రైల్ మీద వాలి, వెనక కాలి మడమ బరువుగా తొక్కి, అల విరిగే అంచు మన దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. అలా ఆగడానికే సన్నటి తోక కావాలంటున్నా. వెడల్పాటి తోక ఆ ఎత్తులో నిలవదు, కిందికి జారుకుంటుంది, మళ్లీ వేగం. ఒక మార్పు చూసి వేగానికి కారణం తేల్చేయకండి, మీరు పోయే దారీ చూసుకోండి.

కేప్‌గాలి

ఆ దారి మీ బోర్డుతోనే వస్తుందనడం ఎక్కువ. బోర్డు మీద బరువు ఉంటే 18.5 వెడల్పుతో కూడా నడిమి ఎత్తులో నిలవొచ్చు.

మొరీషస్_గోదారి

అందరికీ ధన్యవాదాలు. రేపు గాలి 21 నాట్లు చూపిస్తోంది, అల తలెత్తు కంటే కాస్త ఎక్కువ. 8 మీటర్ల కైట్ దొరికింది, 20 మీటర్ల బార్‌తో సహా. లంగరు గారు చెప్పినట్టు మనావాలోనే, పాత బోర్డుతో వెళ్తాను. అప్పుడు కైట్ మార్పు ఒక్కటే తెలుస్తుంది. 5 అడుగుల 9, మూడు ఫిన్ల బోర్డు ఒకరు వారాంతంలో ఇస్తామన్నారు, అది ఆ తర్వాత. నా బోర్డులో మధ్య ఫిన్ పెట్టె ఉంది. నాలుగు తీసేసి మూడు వేస్తే ఏమైనా తేడా ఉంటుందా?

సన్నతోక

ఉంటుంది. నాలుగు ఫిన్లు వేగానికి మంచివి, పట్టు కూడా ఇస్తాయి, నెమ్మదించడం మాత్రం కష్టం. మధ్య ఫిన్ ఉంటే నీటిని కాస్త ఆపుతుంది, వెనక కాలి మీద తిరగడం తేలికవుతుంది. రేపే మార్చకండి, కైట్‌తో కలిసిపోయి ఏది పనిచేసిందో తెలియదు. ఎల్లుండి మార్చండి. స్క్రూలు బిగించాక ఫిన్ పట్టుకుని ఊపి చూడండి, ఉప్పు నీటికి దారాలు అరిగి వదులవుతాయి.

లంగరు

రేపు పొద్దున అయితే నేనూ మనావాలోనే ఉంటాను. పడవ వాళ్లకు చెప్పి పెడతాను, వెళ్లేముందు ఒడ్డున కనబడండి.