టెంపీలో కారు లేకుండా ఉండాలంటే ఇల్లు ఏ వైపు తీసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఆగస్టులో అమెరికాలో టెంపీలోని ఏఎస్‌యూ (అరిజోనా స్టేట్ యూనివర్సిటీ)లో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కి వస్తున్నాను. ఇప్పటికి నలుగురు అమ్మాయిలం కుదిరాం. నాకు డ్రైవింగ్ రాదు, మొదటి ఏడాది కారు కొనే స్తోమత కూడా లేదు. అందుకే నడిచి క్యాంపస్‌కి వెళ్లగలిగే ఇల్లు కావాలి.

మూడు చోట్లు చూశాం. ఒకటి మిల్ అవెన్యూ పక్కన, మనిషికి నెలకు 900 డాలర్లు. రెండోది అపాచీ అనే పెద్ద రోడ్డు మీద, రూరల్ రోడ్‌కీ మెక్‌క్లింటాక్‌కీ మధ్య. టూ బెడ్ టూ బాత్‌లో నలుగురం ఉంటే మనిషికి 520. మూడోది సదరన్ అవెన్యూ దగ్గర, 400. మూడోచోట లీజింగ్ ఆఫీసు వాళ్లు "క్యాంపస్‌కి రెండు మైళ్లే" అంటున్నారు. ఇక్కడ నేను కాలేజీకి రోజూ రెండు కిలోమీటర్లు నడిచేదాన్ని, ఇంకో కిలోమీటరు పెద్ద కష్టం కాదనిపిస్తోంది. నాన్నగారు మాత్రం ఎండ గురించి, రాత్రి క్లాసుల గురించి టెన్షన్ పడుతున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు (2023 ఫాల్‌లో వచ్చిన సీనియర్)

చెల్లీ, మైళ్లు చూసి నిర్ణయం తీసుకోకు. టెంపీలో నడక సంగతి తేలాలంటే రెండు విషయాలు చూడాలి. దారిలో నీడ ఎంతుంది? పెద్ద రోడ్లు ఎన్ని దాటాలి?

ఎండ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు "రామగుండం ఎండ చూశాం, ఇదెంత" అనుకుని వస్తారు. నేనూ అలాగే వచ్చాను. ఆ ఏడాది పక్కనే ఉన్న ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. మన లెక్కలో 43 డిగ్రీలు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్నాయని తలనొప్పి మొదలయ్యాక గానీ అర్థం కాదు. మన ఊళ్లలో ఎండాకాలం పరీక్షలు అయిపోయి ఇంట్లో ఉంటాం. ఇక్కడ క్లాసులు మొదలయ్యేదే ఆగస్టులో. అక్టోబరు దాకా మధ్యాహ్నం నడక కష్టమే. తర్వాత ఏప్రిల్ దాకా ఇంత హాయిగా నడవగలిగే ఊరు ఇంకోటి ఉండదు.

నేను మొదటి సెమిస్టర్ బ్రాడ్‌వే రోడ్డుకి దక్షిణాన ఒక కాంప్లెక్స్‌లో దిగాను. మ్యాప్‌లో అరగంట నడక. మొదటి వారం ఒంటిగంట క్లాసుకి బయల్దేరాను. దారి పొడుగునా ఒకపక్క గోడ, ఇంకోపక్క ఆరు వరసల రోడ్డు, చెట్టు లేదు. సిగ్నల్ దగ్గర నాకంటే ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు, ఒకరి వెనక ఒకరు, పక్కకి జరగకుండా. ఎందుకలా ఉన్నారా అనుకున్నాను. సిగ్నల్ స్తంభం నీడ జానెడు వెడల్పున నేల మీద పడుతోంది, ఇద్దరూ ఆ నీడలో వరసగా నిలబడ్డారు. నేను కూడా వెళ్లి మూడోవాడిగా నిలబడ్డాను. క్లాసుకి చేరేసరికి ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. డిసెంబర్ దాకా ఎలాగో నెట్టుకొచ్చి, ఆ ఇల్లు ఇంకొకరికి సబ్ లీజుకి ఇచ్చేసి అపాచీకి మారాను.

ఇప్పుడు ఊరి అమరిక. పెద్ద రోడ్లు గళ్లలాగా ఉంటాయి. క్యాంపస్ దగ్గరి యూనివర్సిటీ డ్రైవ్ అనే రోడ్డు నుంచి బ్రాడ్‌వే ఒక మైలు, అక్కడి నుంచి సదరన్ ఇంకో మైలు. అపాచీకీ బ్రాడ్‌వేకీ మధ్య రైలు పట్టాలు అడ్డంగా పోతాయి. వాటిని దాటే దారి కొన్ని రోడ్ల దగ్గరే ఉంటుంది. మ్యాప్‌లో నీ ఇల్లూ క్యాంపస్సూ ఎదురెదురుగా కనిపించినా, చుట్టు తిరిగి వెళ్లాల్సి రావచ్చు. సదరన్ ఇంటిని నేనైతే వెంటనే లిస్టులోంచి తీసేస్తాను. మిగిలే 120 డాలర్లు ఊబర్లకే అయిపోతాయి.

ఇంకో మాట, "క్యాంపస్ దగ్గర" అంటే ఏ బిల్డింగ్ దగ్గర అని అడుగు. క్యాంపస్ చాలా పెద్దది. కంప్యూటర్ సైన్స్ వాళ్ల పని చాలావరకు బ్రిక్‌యార్డ్ అనే బిల్డింగ్‌లో ఉంటుంది. అది మిల్ అవెన్యూ మీద, క్యాంపస్‌కి పడమటి చివర. రూరల్ రోడ్ తూర్పు చివర. ఆ చివర నుంచి ఈ చివరికి రావడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. అయితే క్యాంపస్ లోపల చెట్లు, బిల్డింగుల నీడ ఉంటాయి, దాహమేస్తే నీళ్లు పట్టుకోవచ్చు, మధ్యలో ఏ లైబ్రరీలోనో ఐదు నిమిషాలు కూర్చోవచ్చు. ఆ ఇరవై నిమిషాలు బయట రోడ్డు మీద పది నిమిషాలంత కూడా కష్టం కాదు.

నీకు అపాచీ ఇల్లే నప్పుతుంది. లైట్ రైల్ అనే సిటీ ట్రైన్ అపాచీ నడిమధ్యలో వెళ్తుంది. నువ్వు చెప్పిన చోటుకి డోర్సీ స్టేషన్ గానీ మెక్‌క్లింటాక్ స్టేషన్ గానీ దగ్గరవుతుంది. డోర్సీ దగ్గరే స్ట్రీట్‌కార్ (ట్రాము) కూడా మొదలవుతుంది. 2022లో వచ్చింది అది, అపాచీ మీదుగా మిల్ అవెన్యూ వైపు వెళ్తుంది, అంటే నీ బ్రిక్‌యార్డ్ వైపే. ఎండ ఎక్కువున్న రోజు ఎక్కెయ్, చల్లబడ్డాక నడువు. ఊళ్లో తిరిగే ఆర్బిట్ చిన్న బస్సులు పూర్తిగా ఉచితం. నీ వీధిలోకి ఏ ఆర్బిట్ వస్తుందో, సాయంత్రం ఎన్నింటిదాకా ఉంటుందో, ఆదివారం సంగతేంటో ముందే చూసి పెట్టుకో.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా. స్తంభం నీడ సంగతి నాన్నగారికి చదివి వినిపించాను, సదరన్ ఇల్లు వద్దనేశారు. రాత్రి క్లాస్ అయ్యాక అపాచీ మీద నడవచ్చా? కూరగాయలు, సామాన్లు ఎలా తెచ్చుకోవాలి?

జవాబు (మిల్ దగ్గర ఏడాది, అపాచీ మీద ఏడాది ఉన్న అక్క)

రాత్రి గురించి నేను చెప్తాను. అపాచీ మీద ట్రైన్ తిరుగుతుంది కాబట్టి పొద్దుపోయాక కూడా జనం కనిపిస్తారు, లైట్లు ఉంటాయి. నేను చూసుకునేది స్టేషన్ దిగాక గేటు దాకా ఉన్న దారి. మెయిన్ రోడ్డు మీదికే గేటు ఉంటే మంచిది. కొన్ని కాంప్లెక్సులకు గేటు వెనక సందులో ఉంటుంది. పార్కింగ్ మొత్తం దాటి, చీకట్లో మూడో బ్లాకు దాకా వెళ్లాలి. నేనున్న మొదటి ఇంట్లో వాషింగ్ మెషీన్లు కూడా ఆ చివర షెడ్డులోనే ఉండేవి, రాత్రి పదింటికి బట్టల బుట్ట పట్టుకుని ఒక్కదాన్నే వెళ్లడానికి భయమేసేది. ఇంట్లోనే మెషీన్ ఉందా అని తప్పకుండా అడుగు. నలుగురి టైంటేబుళ్లు వచ్చాక రాత్రి క్లాసులున్నవాళ్లు కలిసి తిరిగొచ్చేలా మాట్లాడుకోండి, మేం అలాగే చేసేవాళ్లం.

సామాన్ల విషయంలో మాత్రం పూర్తిగా నడక మీద ఆధారపడలేవు. పాలు, గుడ్లు, ఉల్లిపాయల వరకు బ్యాక్‌ప్యాక్‌లో తెచ్చుకోవచ్చు. కందిపప్పు, బియ్యం బస్తా, కరివేపాకు కోసం మేం పెద్ద ఇండియన్ స్టోర్‌కి పక్క ఊరు చాండ్లర్ వైపు వెళ్లేవాళ్లం, దానికి ఎవరిదైనా కారు కావాలి. నెలకు రెండుసార్లు సీనియర్లతో వెళ్తే సరిపోతుంది, పెట్రోలుకి మీ వాటా ఇచ్చెయ్యండి. చక్రాల బండి సంచీ ఒకటి కొనుక్కో, లైట్ రైల్లోకి సులువుగా ఎక్కుతుంది.

మిల్ పక్కన ఇల్లు బాగుంటుంది, చెట్లూ కొట్లూ అన్నీ దగ్గర. కానీ శుక్ర, శనివారాలు బార్ల హోరు అర్ధరాత్రి దాటేదాకా ఉంటుంది. 900 అంటే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునే మొదటి ఏడాదికి బరువే.

జవాబు (లీజు గురించి)

సంతకం పెట్టేముందు ఇవి చూసుకోమ్మా. అరిజోనా చట్టం ప్రకారం సెక్యూరిటీ డిపాజిట్ ఒకటిన్నర నెల అద్దెకు మించి అడగకూడదు. మనకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ ఉండదని కొందరు ఎక్కువ అడుగుతారు, అప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకో. 2025 జనవరి నుంచి ఇంటి అద్దె మీద సిటీ పన్ను తీసేశారు, పాత కాగితంలో ఆ వరస ఇంకా ఉంటే తీయించు. లీజు బెడ్‌కి విడిగా ఉందా, నలుగురికీ కలిపి ఒకటే ఉందా చూడు. ఒకటే అయితే, మధ్యలో ఒకమ్మాయి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఆమె వాటా మిగతా ముగ్గురి మీద పడుతుంది. పడమర కిటికీలున్న పై అంతస్తు వద్దు, ఎండాకాలం కరెంటు బిల్లు తట్టుకోలేరు. వీడియోలో ఇల్లు చూడకుండా, లీజు కాగితం చేతికి రాకుండా ఎవరికీ డబ్బు పంపకండి, గ్రూపులో పరిచయమైన తెలుగువాళ్లకైనా సరే.

ప్రశ్న అడిగినవారు

ఫ్లాట్ వీడియో కాల్‌లో చూపించారు కానీ బయట దారి చూపించలేదు. గేటు ఎటు ఉందో నాకు అర్థం కాలేదు. ఇక్కడి నుంచి ఎలా తెలుసుకోవాలి?

జవాబు (మొదటి సీనియర్)

మ్యాప్‌లో స్ట్రీట్ వ్యూ తెరిచి, ఇంటి గేటు నుంచి స్టేషన్ దాకా ఒక్కో అడుగూ జరుపుకుంటూ వెళ్లు. చెట్లున్నాయా, ఫుట్‌పాత్ మధ్యలో ఆగిపోయిందా, సిగ్నల్ ఎక్కడుందో తెలుస్తుంది. అయినా నేనుండేది అక్కడికి రెండు స్టాపులే. కాంప్లెక్స్ పేరు మెసేజ్ చెయ్యి, శనివారం మధ్యాహ్నం రెండింటికి గేటు నుంచి స్టేషన్ దాకా నడుస్తూ వీడియో తీసి పంపిస్తాను. కిటికీలు ఎటున్నాయో కూడా చూస్తాను, బ్లాక్ నంబర్ కూడా రాయి.