ఎండా గాలీ ఉన్న సముద్రతీరంలో స్థిరపడటమా, సెలవులకు వెళ్లిరావటమా?

ప్రశ్న (జయనగర్, బెంగళూరు)

నమస్కారమండీ. మాది బాపట్ల. సూర్యలంక తీరం చూస్తూ పెరిగినవాణ్ణి. ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాము. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరి చల్లదనం నాకూ ఇష్టమే. అయినా, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం ముసురుపట్టి ఉండే రోజుల్లో మనసు ఎండను, కనుచూపుమేర నీటిని వెతుక్కుంటుంది. వచ్చే ఏడాది పదవీ విరమణ చేశాక చెన్నైలో, తిరువాన్మియూరు నుంచి కోవళం వరకు ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంట ఎక్కడైనా ఫ్లాట్ కొనుక్కోవాలని నా ఆలోచన. సెలవులకు వెళ్లివస్తే చాలదా అని మా ఆవిడ అంటున్నారు. అక్కడ కాపురముంటున్నవారు ఎండ, ఉక్కపోత, ఉప్పుగాలి, మంచినీళ్ల సంగతి వివరంగా చెప్పగలరా?

జవాబు 1 (బీసెంట్ నగర్, చెన్నై)

మీరు ఎండ గురించి అడిగారు గానీ, ఇక్కడి జీవితాన్ని నడిపించేది గాలి. పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేవగానే ఆ చోటుకు సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. వేసవిలో ఆ గాలి మధ్యాహ్నానికల్లా అందుకుంటే ఎండ తీవ్రత అక్కడితో ఆగుతుంది, తీరానికి దగ్గరగా ఉన్న పేటలకు ఆ మేలు ముందుగా దక్కుతుంది. పడమటి గాలులు బలంగా వీచి దాన్ని అడ్డుకున్న రోజున మాత్రం ఊరంతా ఉడికిపోతుంది. 2003 మే నెలలో చెన్నైలో 45 డిగ్రీలు నమోదైంది. పైగా గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు, రాత్రిళ్లు కూడా బెంగళూరులోలాగా చల్లబడవు. అయినా నేను ఈ ఊరు వదలను. తెల్లవారుజామున తూర్పున నీళ్లలోంచి సూర్యుడు పైకి రావటం, సాయంత్రం ఇలియట్స్ బీచ్‌లో పిల్లలు, ముసలివాళ్లు అన్న తేడా లేకుండా పేటంతా ఇసుకలో కూర్చోవటం నాకు ఎంతో విలువైన విషయాలు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అయితే పగలంతా హాయిగా ఉంటుంది.

జవాబు 2 (అడయారు, చెన్నై, కట్టడాల ఇంజనీరు)

సముద్రం కనబడే మొదటి వరుస ఇల్లు కొనవద్దని నా గట్టి సలహా. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి పైనున్న కాంక్రీటును పగలగొట్టటంతో స్లాబు పెచ్చులూడుతుంది. కిటికీ ఊచలు, ఏసీ బయటి పెట్టె కూడా లోపలి పేటల్లోకంటే త్వరగా పాడవుతాయి. కిలోమీటరు, రెండు కిలోమీటర్లు లోపలికి వస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, నడిచి వెళ్లగలిగే దూరంలోనే సముద్రమూ ఉంటుంది.

నీళ్ల విషయం ఇంకా ముఖ్యం. తిరువాన్మియూరు నుంచి కోవళం దాకా ఉన్న ఇసుక నేలలో వాననీరు ఇంకి, ఉప్పునీటికి పైన మంచినీటి పొరగా నిలుస్తుంది. బోర్లతో విపరీతంగా తోడితే ఆ పొర పలచబడి ఉప్పునీరు పైకి వస్తుంది. కాబట్టి ఫ్లాట్ చూడటానికి మే నెలలో వెళ్లండి, కుళాయి నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. 1991లో మొదలై 2011లోనూ 2019లోనూ మారిన తీరప్రాంత నియంత్రణ నిబంధనలు పోటు రేఖ (పోటు వేళ సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల వరకు ఉన్న స్థలాలకు వర్తిస్తాయి గనుక అనుమతి పత్రాలను తెలిసినవారికి చూపించిన తరువాతే బయానా ఇవ్వాలి.

జవాబు 3 (నీలాంకరై, చెన్నై)

వానల సంగతి ఎవరూ చెప్పలేదు. బెంగళూరులో ముసురు పట్టే నెలల్లో మాకు ఎండ కాస్తుంది, నిజమే. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే మా అసలు వానాకాలం. 2015 డిసెంబరు వరదలు, 2016 డిసెంబరు 12న వర్దా తుపాను, 2023 డిసెంబరులో మిచౌంగ్, అన్నీ ఆ నెలల్లో వచ్చినవే. సెలవులకు వచ్చేవారు ఆ రోజులను తప్పించుకోగలరు, కాపురమున్నవారికి ఆ వీలు లేదు.

మీ ఆవిడగారితో ఇంకొక మాట కూడా చెప్పండి. ఈ తీరం కేవలం విహారస్థలం కాదు. మాకు రెండు పక్కలా జాలరి కుప్పాలు, అంటే జాలరుల పల్లెలు, ఉన్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఇలాంటి కుప్పాలే ఎక్కువగా నష్టపోయాయి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటిని కాపాడటానికి విద్యార్థులు 1988 నుంచి నీలాంకరై, బీసెంట్ నగర్ల మధ్య రాత్రంతా నడుస్తున్నారు. ఇక్కడ ఇల్లు తీసుకునేవారు సముద్రం వైపు దీపాల వెలుగు తగ్గించుకోవటం కూడా నేర్చుకోవాలని నా కోరిక. ఇంకొకటి, అలల అడుగున లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. ఈత వచ్చినవారైనా లోతుకు దిగకూడదు.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. ఇప్పుడే కొనకుండా, మే నుంచి డిసెంబరు చివరి దాకా అద్దెకు ఉండి చూద్దామని ఇద్దరమూ ఒప్పుకున్నాము. ఆమెకు మోకాళ్ల నొప్పులు గనుక లిఫ్టు తప్పనిసరి. తిరువాన్మియూరులో సముద్రం నుంచి ఒక కిలోమీటరు లోపలికి, మెట్రో వాటరు (చెన్నై నీటి బోర్డు) కనెక్షన్ ఉన్న ఇల్లు ఏ వీధుల్లో వెతికితే దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?